బేస్ గిటార్‌కు నలభై రెండు బొట్లు

మా ఆయన బేస్ గిటార్ మూడో వరుస దాకా వినిపించడం లేదన్న సంగతి జూలై రెండో శనివారం నాడు అధికారికంగా తేలింది. మొదటి రెండు వరుసల అభిప్రాయం ఎవరూ అడగలేదు. అక్కడ కూర్చునేది శాలువా కప్పించుకోవడానికి వచ్చినవాళ్ళు, వాళ్ళకు ఫొటోలు తీయడానికి వచ్చినవాళ్ళు. వాళ్ళకు ఏ వాయిద్యమూ వినిపించనక్కరలేదు.

చిక్కడపల్లిలో మా ఇంటి నుంచి తొమ్మిది నిమిషాల నడకలో ఒక హాలు ఉంది. నెలకోసారి, రెండో శనివారం, అందులో పాత సినిమా పాటల కార్యక్రమం జరుగుతుంది. పాడేవాళ్ళు, వాయించేవాళ్ళు అందరూ ఉద్యోగ విరమణ చేసినవాళ్ళే. మొత్తం ఎనిమిది మంది. సగటు వయసు అరవై ఎనిమిది. ఇద్దరికి గుండెలో బ్యాటరీ ఉంది. ఆ శనివారం నేను చేతి గడియారం చూసుకుంటూ అన్నీ నా పుస్తకంలో రాసుకున్నాను. ఇరవై పాటలు, పాటకు నాలుగు నిమిషాలు, వెరసి ఎనభై నిమిషాలు. పదిహేడు మందికి సన్మానం, మనిషికి ఏడు నిమిషాల చొప్పున నూట పంతొమ్మిది నిమిషాలు. ఒక నిమిషం మైకు కూసింది. అంతా కలిపి మూడు గంటల ఇరవై నిమిషాలు. దీన్ని కరపత్రంలో పాటల కార్యక్రమం అని వేస్తారు.

ఇలా రాసుకోవడం నాకు ఉద్యోగంలో అబ్బిన అలవాటు. నారాయణగూడలో ఒక ఆడపిల్లల కాలేజీలో, ఫిజిక్స్ ల్యాబులో ముప్పై ఒక్క ఏళ్ళు పనిచేశాను. రావలసిన రీడింగు కాదు, వచ్చిన రీడింగు రాయండి అని ముప్పై ఒక్క బ్యాచీలకు చెప్పాను. ఎంతమంది విన్నారన్న లెక్క మాత్రం నా దగ్గర లేదు. మా ఆయన విద్యుత్ శాఖలో బిల్లుల సెక్షన్‌లో చేశారు. యాభై ఎనిమిదో ఏట విరమణ చేసి, ఆ నెలలోనే, మూతపడిన ఒక ఆర్కెస్ట్రా వాళ్ళ దగ్గర ఈ గిటార్ కొన్నారు. ఇప్పుడాయనకు డెబ్భై రెండు. నాలుగు లావు తీగలు, వాటి కింద రెండు పికప్‌లు, కుడివైపు వరసగా మూడు నాబ్‌లు. రెండు సౌండుకు, ఒకటి టోన్‌కు. బ్యాటరీ ఉండదు. తీగ ఊగితే పికప్‌లో పుట్టే కాస్త కరెంటే వైరు గుండా పోయి స్పీకర్లో మోగాలి. ఇలా బ్యాటరీ లేనిదాన్ని పాసివ్ అంటారు, ఉన్నదాన్ని యాక్టివ్ అంటారు.

ఆ రోజు కార్యక్రమం అయ్యాక, వైర్లు చుడుతున్న మా ఆయన దగ్గరకు నిర్వాహకుడు వచ్చాడు. మునిసిపల్ ఆఫీసులో పెద్ద హోదాలో చేసి దిగిన మనిషి. ఇరవై పాటల్లో ఆరు ఆయనే పాడతాడు.

"సార్, బేస్ అసలు వినిపిస్తనే లేదంట. మూడో వరుసల మా బావమరిది కూసున్నడు. గిటార్ పట్టుకొని ఆయన ఏం చేస్తున్నడు బావా అని అడిగిండు."

"వైరు ఏమన్న లూజుందేమో," అన్నారు మా ఆయన.

"ఉండొచ్చు సార్. ఏం పరేషాన్ కాకండి. కీబోర్డు సార్ ఎడమ చేత్తోని బేస్ కూడా కానిచ్చేస్తడు. మీకు వచ్చే నెల చిన్న సన్మానం పెట్టుకున్నం. మీవంటి పెద్దలు మాకు ఆదర్శం."

మా ఆయన చేతిలో వైరు చుట్ట అలాగే ఆగిపోయింది. ఎందుకంటే ఆ మాటకు అక్కడ అర్థం అందరికీ తెలుసు. ఈ ఆర్కెస్ట్రాలో ఎవరినీ పొమ్మనరు. శాలువా కప్పుతారు. వేణువు ఆయనకు ఊపిరి చాలడం లేదనుకున్నారు, శాలువా కప్పారు. హార్మోనియం ఆయన రిహార్సల్‌లో నిర్వాహకుడి శ్రుతి సరిచేశాడు, మరుసటి నెలే ఆయనకు శాలువాతో పాటు పూలదండ, పళ్ళబుట్ట కూడా అందాయి. శాలువా భుజాన పడ్డ మనిషి మళ్ళీ వాయిద్యంతో స్టేజీ ఎక్కడు. మొదటి వరుసలో కుర్చీ వేస్తారు, అక్కడ కూర్చుని చప్పట్లు కొట్టుకోవచ్చు.

ఇంటికి నడిచి వస్తూ మా ఆయన గిటార్ పెట్టెను ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నారు. ముప్పై నాలుగేళ్ళు ఇతరుల బిల్లుల్లో తప్పులు పట్టిన మనిషి. ఆఫీసులో ఆయన గొంతు ఎవరూ విన్నట్టు లేదు. నెలకోసారి ఈ స్టేజీ మీద, ఎడమవైపు చివర, ఫ్యాను గాలి తగలని చోట ఆయనకో ప్లాస్టిక్ కుర్చీ ఉంది. ఆ కుర్చీ కోసం నెలలో ఇరవై తొమ్మిది రోజులు సాధన చేస్తారు. పోబోతున్నది ఆ కుర్చీ.

మర్నాటి నుంచి సలహాలు వచ్చాయి. బ్యాటరీది పెట్టించమని గుండెలో బ్యాటరీ ఉన్న ఇద్దరూ వేర్వేరుగా ఫోన్ చేసి చెప్పారు. "నాకు పెట్టినంక చూడు, మూడంతస్తులు ఎక్కుతున్న," అన్నాడు ఒకాయన. బషీర్‌బాగ్ వైపు వాయిద్యాల దుకాణంలో అడిగితే, గిటార్ పెట్టెలోంచి బయటికి తీయకముందే జవాబు వచ్చింది. పికప్‌లు మార్చాలట. యాక్టివ్ సర్క్యూట్ వేయాలట. బంగారుపూత ప్లగ్గు పెట్టాలట. తీగలు విదేశాలవి వేయాలట. "ఇవన్నీ ఎందుకు సార్, కొత్త గిటారే తీస్కోరాదు," అని కూడా అన్నాడట. మా ఆయన నీరసంగా ఇంటికొచ్చి, పికప్‌ల దగ్గర మొదలుపెడదామా అన్నారు.

"కొలవకుండా ఏది మార్చినా తప్పే," అన్నాను. "ముందు ఎక్కడ పోతున్నదో చూద్దాం."

"నువ్వు కొలుస్తవా?"

"మీటరున్నది. విప్పి, సాల్డర్ చేసే చెయ్యి కావాలె. నా చెయ్యి వణుకుతున్నది."

ఆ చెయ్యి అశోక్ నగర్‌లో దొరికింది. ఒక పుస్తకాల దుకాణం పక్క గోడకు కోచింగుల కాగితాలు ఒకదాని మీద ఒకటి అంటించి ఉంటాయి. వాటి మధ్య చేత్తో రాసిన చీటీ ఒకటి: గిటార్లు, మైకులు, ఇయర్‌ఫోన్లు బాగు చేయబడును, ఉదయం ఆరు నుంచి తొమ్మిదిన్నర లోపే. ఫోన్ చేస్తే ఆడగొంతు పలికింది. ఆ అమ్మాయి ఎలక్ట్రానిక్స్‌లో డిప్లొమా చేసి, హాస్టల్లో ఉండి సర్కారు ఉద్యోగం పరీక్షలకు అయిదేళ్ళుగా చదువుతోంది. వయసు ఇరవై తొమ్మిది. తొమ్మిదిన్నర దాటితే లైబ్రరీలో ఫ్యాను కింద సీటు దొరకదు. అందుకే ఆ వేళలు.

"గిటార్ తెచ్చి హాస్టల్ల ఇస్తం," అన్నాను.

"వద్దు ఆంటీ. మా వార్డెన్‌కు వేడెక్కే వస్తువు ఏదైనా ఒక్కటే. ఇస్త్రీపెట్టె, హీటర్, సాల్డరింగ్ ఐరన్ అన్నీ బంద్. నేనే వస్త మీ ఇంటికి. ప్లగ్ పాయింట్ ఉంటే చాలు."

ఆదివారం ఉదయం ఆరూ పదికి వచ్చింది. భోజనాల బల్ల మీద పాత పేపరు పరిచాను. గిటార్ దాని మీద పెట్టకముందే ఆ పేపరులో సంపాదకీయం చదివేసింది. తర్వాత నాబ్‌ల వెనక రేకు విప్పి, మీటరు చూసి మురిసిపోయింది.

"ఇది ముల్లు మీటరు కదా ఆంటీ. మ్యూజియంల పెట్టాలె."

"నువ్వు పుట్టకముందు నుంచి సరిగ్గ చెప్తున్నది. వైర్లు పెట్టు."

ఆమె తాకించింది, నేను చదివి రాసుకున్నాను. మొదటి పికప్ ఏడున్నర కిలో ఓములు. రెండోది ఏడున్నరకు ఒక వెంట్రుక ఎక్కువ. రెండూ ఆరోగ్యంగా ఉన్నాయి. దుకాణంవాడు మొదట మార్చమన్నవి అవే.

తర్వాత మొదటి సౌండ్ నాబ్. నాబ్ కింద పాట్ అని చిన్న బిళ్ళ ఉంటుంది, లోపల గుండ్రని మసి దారి మీద ఒక ముల్లు తిరుగుతుంది. నాబ్ పూర్తిగా తిప్పితే, పికప్ నుంచి వచ్చే కరెంటుకు అడ్డు ఉండకూడదు, మీటరు సున్నా చూపాలి. ఎనభై వేల ఓములు చూపింది. బల్ల మీద వేలితో తడితే లక్షా పదివేలకు పోయి మళ్ళీ ఎనభైకి వచ్చింది. రెండో సౌండ్ నాబ్ తొంభై వేలు. టోన్ నాబ్ ఎంత తిప్పినా మీటరు ముల్లు కదలలేదు.

"పాసివ్ గిటార్‌కు ఉన్నదే అంత కరెంటు," అందామె. "అది కూడా గేటు కాడనే ఆపేస్తే బయటికి ఏమొస్తది? బ్యాటరీ పెట్టుడు కాదు ఆంటీ, గేటు తియ్యాలె. ఏం అడ్డమొచ్చిందో చూద్దాం."

నాబ్ పైకి లాగింది. దాని మొదట్లో ఎర్రటి ముద్ద గట్టిపడి ఉంది. పాట్ బయటికి తీసి, రేకు మూత వంచి, తెల్ల కాగితం మీద తట్టింది. ఎర్రటి పొడి రాలింది. రెండోదాంట్లోనూ అంతే. మూడోదాంట్లో పొడి కూడా కాదు, నూనెతో ఎండిపోయిన పెచ్చు.

ఆమె వాసన చూసింది. "తుప్పు కాదు ఇది."

నాకు అప్పటికే తెలిసిపోయింది. ముల్లు మీటరు ఇంకా తొంభై మీదే ఉండగా తెలిసింది.

దసరాకు మా ఇంట్లో ఆయుధపూజ క్రమంగా జరుగుతుంది. స్క్రూడ్రైవరు, కత్తెర, మీటరు, మా ఆయన స్కూటరు, గిటార్. అన్నిటికీ బొట్లు నేనే పెడతాను, ఇంకెవరైనా పెడితే వంకర పోతాయి. గిటార్‌కు మూడు నాబ్‌లు కాబట్టి మూడు బొట్లు. మొదటి ఏడాది నాబ్‌ల నెత్తిన పెట్టాను. లోహం నున్నగా ఉండి గంటలో రాలిపోయాయి. వెంటనే తుడిచి, కుంకుమ నూనెలో తడిపి, నాబ్ మొదట్లో సందు ఉంటుందే, అందులో చూపుడువేలితో నొక్కి పెట్టాను. ఇక కదలలేదు. పైన మామిడాకుతో నీళ్ళు చల్లాను. పద్నాలుగు దసరాలు ఇదే పద్ధతి. పద్నాలుగు మూళ్ళు నలభై రెండు. ఒక్కటి కూడా తప్పిపోలేదు.

"ఎవరు పెట్టిన్రు ఇట్ల?" అని అడిగిందామె, పరీక్షలో ప్రశ్న చదివినట్టు.

మా ఆయన కిటికీలోంచి వీధి చూశారు. పాలవాడు కూడా లేడు వీధిలో.

"నేనే," అన్నాను.

"మంచిగ ప్యాక్ చేసిన్రు ఆంటీ. కంపెనీవాళ్ళు కూడా గింత గట్టిగ సీల్ చెయ్యరు."

ఆమె కొత్త పాట్‌ల కొలతలు చీటీ మీద రాసి, కోఠి నుంచి బుధవారం తెస్తానని వెళ్ళింది. తలుపు వేసి వచ్చి మా ఆయన్ని అడిగాను.

"మీకేమీ తెల్వలేదా ఇన్నేండ్లు?"

"దసరా అయినంక ప్రతి ఏడు గరగరమంటది. దీపావళి దాకా. తర్వాత కొంచెం సర్దుకుంటది."

"పద్నాలుగేండ్ల నుంచి తెలుసా?"

"పన్నెండు. మొదట రెండేండ్లు నా చెవులే అనుకున్న."

"చెప్పొద్దా మరి?"

"చెప్తే నువ్వు పుస్తకంల రాస్తవు. రాసినంక ప్రతి దసరాకు తీసి చదువుతవు."

పుస్తకం తీశాను. కారణం అన్న గళ్ళో చాలాసేపు ఏమీ రాయకుండా కూర్చున్నాను. తేమ అని రాయవచ్చు. దుమ్ము అని రాయవచ్చు. ఇలాంటి చోట్ల పిల్లలు ఎట్లా తప్పించుకుంటారో నాకు బాగా తెలుసు. ఒక్కోసారి ఆ పేజీలు వాళ్ళ ముందే చింపి మళ్ళీ రాయించాను. చివరికి కుంకుమ అని రాశాను. ఎవరి కుంకుమ అన్న గడి ఆ పుస్తకంలో లేదు, నేను కొత్తగా గీయలేదు.

బుధవారం కొత్త పాట్‌లు మూడు వచ్చాయి. ప్లగ్గు దూరే గుంట కూడా కొత్తది తెచ్చింది, పాతది వదులుగా ఉందట. నాబ్‌ల కింది గూటికి లోపల రాగిరేకు అంటించాలి, అప్పుడే ట్యూబ్‌లైటు గొణుగుడు లోపలికి రాదు. తెచ్చిన రేకు ఒక మూలకు చాలలేదు. ఆమె దేవుడి గదిలో రాగిచెంబు వైపు చూసింది. నేను తల అడ్డంగా ఊపాను. మర్నాడు పొద్దున్నే ఇంకో ముక్క తెచ్చుకుంది.

టోన్ నాబ్‌కు ఒక కెపాసిటర్ వేయాలి. పై స్వరాలు ఎంత మేర వడకట్టాలో అది తేలుస్తుంది. మూడు విలువలవి తెచ్చి, క్లిప్పులతో ఒకటి తీసి ఒకటి తగిలిస్తూ, "వాయించండి అంకుల్," అంది. మా ఆయన మూడుసార్లూ ఒకే వరస వాయించారు. మొదటిది వేస్తే, పక్కింట్లో పిండి మర ఆడుతున్నట్టు వచ్చింది. రెండోది వేస్తే, తీగ మీద గోరు రాసుకోవడం కూడా వినిపించింది. మూడోది వేయగానే మా ఆయన వాయిస్తూనే తల ఊపారు.

"ఇది," అన్నారు.

"ఎందుకు?" అన్నాను. నాకు కొలత కావాలి.

"ఇదే."

ఆయన నా ముందు అంత గట్టిగా ఒక మాట చెప్పడం ఏ ఏడాదిలో జరిగిందో గుర్తుకు రాలేదు. సున్నా పాయింట్ సున్నా నాలుగు ఏడు మైక్రోఫారడ్ అని రాసి, పక్కన మా ఆయన చెవి ప్రకారం అని రాశాను. ఆ పుస్తకంలో కొలత పరికరంగా చెవి పేరు ఉన్నది ఆ ఒక్క చోటే.

సాల్డరింగ్ అయ్యాక మళ్ళీ మీటరు పెట్టాం. మూడు నాబ్‌లూ పూర్తిగా తిప్పితే సున్నా. బ్యాటరీ లేదు, బంగారుపూత లేదు, పికప్‌లు పాతవే. ఆమె ఉప్మా తిని, పొట్లాంలో కట్టిన ఎర్రపొడి నా చేతిలో పెట్టింది.

"దేవునికి దండం పెట్టుకోన్రి ఆంటీ. పాట్‌లకు బొట్టు పెట్టకున్రి."

ఆగస్టు రెండో శనివారం నేను కావాలనే మూడో వరుసలో కూర్చున్నాను. కరపత్రంలో సన్మాన గ్రహీతల పేర్లు పద్దెనిమిది. పద్దెనిమిదోది మా ఆయన పేరు. స్టేజీ పక్క బల్ల మీద జ్ఞాపికలు వరసగా ఉన్నాయి, ఒకదాని మీద ఆయన పేరు బంగారు రంగులో మెరుస్తోంది. నాకు రెండు కుర్చీల అవతల నిర్వాహకుడి బావమరిది, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు.

మొదటి పాట మొదలైంది. కుర్చీ కాలు గుండా నా పాదానికి ముందు తెలిసింది, తర్వాత చెవికి. పాట కింద ఎవరో నేల పరిచినట్టుగా ఉంది. బావమరిది చెయ్యి చెవి మీది నుంచి మోకాలి మీదికి దిగి, అక్కడ తాళం వేయడం మొదలుపెట్టింది.

నాలుగో పాట నిర్వాహకుడిది. ఆయన చరణంలో నచ్చిన మాట దగ్గర ఆగి, దాన్ని సాగదీసి, తీరిగ్గా బయలుదేరతాడు. ఇన్ని నెలలు కీబోర్డు కూడా ఆయన వెనకాలే ఆగి, ఆయనతో కలిసి నడిచేది కాబట్టి ఎవరికీ తెలియలేదు. ఆ రోజు బేస్ ఆగలేదు. ఆగమని ఎవరూ చెప్పలేదు కూడా. పాట ముందుకు పోయింది, పాడే మనిషి వెనక ఉండిపోయాడు. ఎంత వెనకో మూడో వరుసకే కాదు, గేటు దగ్గర టీ అమ్మేవాడికి కూడా తెలిసింది.

పాట కాగానే ఆయన మైకు మూసి వెనక్కి తిరిగాడు. స్టేజీ మీది ఇంకో మైకు మూయలేదు గనుక మాటలు అందరికీ వినిపించాయి.

"జర తగ్గించండి సార్. మరీ గట్టిగుంది."

"వినిపిస్తలేదన్నరు కదా," అన్నారు మా ఆయన.

"ఇప్పుడు బాగ వినిపిస్తున్నది."

కీబోర్డు ఆయన కలగజేసుకున్నాడు. "తగ్గించకున్రి సార్. ఎనిమిది నెలల నుంచి రెండు చేతులు పెట్టి మీ ఎనక ఉరుకుతున్న. ఇయ్యాల ఎడమ చేత్తోని చాయ్ తాగిన."

మా ఆయన వంగి ఒక నాబ్ ఏదో తిప్పారు. అది టోన్ నాబ్ అని, దానివల్ల సౌండు తగ్గదని హాలు మొత్తంలో ముగ్గురికే తెలుసు. మూడో మనిషి వెనక వరుసలో మోకాళ్ళ మీద పరీక్షల పుస్తకం తెరుచుకుని కూర్చుంది.

పద్దెనిమిదో పాట తర్వాత సన్మానాలు మొదలయ్యాయి. మనిషికి ఏడు నిమిషాలు, తేడా లేదు. పదిహేడూ అయ్యాయి. నిర్వాహకుడు శాలువా మడత విప్పి, మా ఆయన పేరు పిలిచి, వారి సుదీర్ఘ సంగీత సేవ అని మొదలుపెట్టాడు. మా ఆయన కుర్చీలోంచి లేవలేదు. గిటార్ ఒడిలోనే ఉంది, పట్టీ భుజం మీదే ఉంది.

"రండి సార్," అన్నాడు నిర్వాహకుడు, శాలువా రెండు కొసలూ పట్టుకుని.

"ఇంక రెండు పాటలున్నయి కదా. పట్టీ తీస్తే మళ్ళ కట్టుకోవాలె."

"ఒక్క రెండు నిమిషాలు సార్."

"మా ఆవిడకు కప్పండి. మూడో వరుసల ఉన్నది. ఈ గిటార్ ఇట్ల అయిందంటే ఆమె చేతి చలవనే."

హాలంతా చప్పట్లు కొట్టింది. విప్పిన శాలువా మడవడం మంచిది కాదని ఎవరో ముందు వరుసలోంచి అన్నారు కూడా. నిర్వాహకుడు ఒకసారి జ్ఞాపిక వైపు, ఒకసారి మా ఆయన వైపు చూశాడు. కీబోర్డు ఆయన చాయ్ కప్పు కింద పెట్టి, సన్మానానికి వాయించే ముక్క కుడిచేత్తో మొదలుపెట్టేశాడు. ఇక తప్పదు. నేను మెట్లెక్కాను. నాకు శాలువా కప్పి, మా ఆయన పేరున్న జ్ఞాపిక నా చేతిలో పెట్టి, సతీమణుల త్యాగం గురించి మాట్లాడాడు. ఏడు నిమిషాలూ మా ఆయన వైపు చూశాను. ఆయన తీగలు సరిచూసుకుంటున్నట్టు తల దించుకున్నారు గాని, భుజాలు కదులుతున్నాయి. నవ్వితే ఆయన భుజాలు అలాగే కదులుతాయి.

మిగిలిన రెండు పాటలకు ఆయన కుర్చీలోనే ఉన్నారు. సెప్టెంబరు కరపత్రంలో వాయిద్య సహకారం కింద ఆయన పేరు ఎప్పటి చోటనే ఉంది.

ఆ ఆర్కెస్ట్రా పద్ధతి ప్రకారం శాలువా పడ్డవాళ్ళు చేస్తున్న పని మానుకోవాలి. దసరా నాడు పళ్ళెంలో కుంకుమ, గంధం సర్ది, స్కూటరుకు, కత్తెరకు, మీటరుకు బొట్లు పెట్టి, గిటార్ దగ్గరకు వచ్చేసరికి పళ్ళెం మా ఆయన చేతికిచ్చాను.

"నాకా?" అన్నారు.

"నాకు సన్మానం అయింది."

ఆయన గిటార్‌ను పెట్టెలో పెట్టి, మూత మూసి, గొళ్ళెం వేసి, మూత మీద పొడి కుంకుమతో ఒక్క బొట్టు పెట్టారు. నీళ్ళు చల్లలేదు. బొట్టు మధ్యకు రెండు సెంటీమీటర్లు ఎడమగా పడింది, అంచు కూడా గుండ్రంగా లేదు. బాగుందా అని అడిగారు. బాగుందన్నాను.